చేప గ్రుడ్డు చెప్పే సాక్ష్యం

ఎనిమిదవ తరగతిలో నీటి కాలుష్యం పాఠం చెబుతున్నాను. వెనుక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు.

"మేష్టారూ! మా ఊరి చెరువులో లారీలు కడుగుతారండి. నీళ్ళ మీద రంగురంగుల నూనె తెట్టు తేలుతూ ఉంటుంది. అయినా చేపలు బాగానే తిరుగుతున్నాయండి. మొన్ననే మా నాన్న రెండు కిలోల బొచ్చె పట్టాడు. చేపలు చావలేదంటే నీళ్ళు మంచివనే కదండీ?"

తరగతి అంతా గొల్లుమంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కుర్రవాడు అడిగింది చాలా గట్టి ప్రశ్న. చేప బ్రతికి ఉంటే నీరు మంచిదని అనుకోవచ్చునా? ఈ ప్రశ్నతో శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళు కుస్తీ పట్టారు. దానికి సమాధానం వెతకాలంటే మనం కొంచెం దూరం, కెనడా దేశందాకా వెళ్ళి రావాలి. ఎందుకంటే నూనె కలిసిన నీటికీ చేప గ్రుడ్డుకూ మధ్య నడిచే కథను అక్కడ చాలా వివరంగా చదివారు.

ముందుగా ఒక మాట. నీటిమీద తేలే తెట్టు కంటికి కనబడుతుంది. కనుక దానిని తప్పించుకోవచ్చు, తోడివేయవచ్చు. కంటికి కనబడకుండా నీటిలో కరిగి కూర్చునే పదార్థాలు కూడా పెట్రోలియంలో ఉన్నాయి. ఈ వ్యాసం వాటిని గురించే.

నూనెలో ఆమ్లమా?

పెట్రోలియం అనగానే మీకు హైడ్రోకార్బన్లు గుర్తుకు వస్తాయి. అంటే కార్బన్, హైడ్రోజన్ మాత్రమే గల సమ్మేళనాలు. ముడిచమురులో ఎక్కువ భాగం అవే. కాని అందులో గంధకం, నత్రజని, ఆక్సిజన్ కలిసిన సమ్మేళనాలు కూడా కొద్దికొద్దిగా ఉంటాయి. ఈ కొద్దిపాటి వాటిలో ఒక కుటుంబం పేరు నాఫ్తెనిక్ ఆమ్లాలు.

వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం మీకు తెలుసు. దాని అణువులో ఒక చివర కార్బాక్సిల్ సమూహం ఉంటుంది. ఆమ్లగుణం దానిదే. నాఫ్తెనిక్ ఆమ్లాల్లోనూ అదే సమూహం ఉంటుంది. అయితే ఎసిటిక్ ఆమ్లంలో ఉన్నవి రెండే కార్బన్ పరమాణువులు. నాఫ్తెనిక్ ఆమ్లంలో పది, పదిహేను, ఇరవై కూడా ఉండవచ్చు. ఆ కార్బన్లు చాలావరకు అయిదేసి, ఆరేసి కలిసి వలయాలుగా ముడిపడి ఉంటాయి. ఒక అణువులో ఒక వలయం ఉంటే, మరొకదానిలో రెండు, మూడు ఉంటాయి. కొమ్మలు వచ్చే చోటు మారుతుంది, పొడవు మారుతుంది. అందువల్ల నాఫ్తెనిక్ ఆమ్లం అంటే ఒకే పదార్థం కాదు, వేలాది ఆమ్లాల మిశ్రమం. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికి వస్తుంది.

ఇవి నూనెలోకి ఎలా వచ్చాయి? భూగర్భంలో లక్షల సంవత్సరాలపాటు సూక్ష్మజీవులు ముడిచమురును కొంచెం కొంచెంగా తింటూ వచ్చాయి. అవి తేలికగా తినగలిగిన భాగాలు పోయి, చిక్కని నూనె మిగిలింది. ఆ తిండిలో భాగంగా ఆక్సిజన్ చేరి ఆమ్లాలు ఏర్పడ్డాయి. అందుకే సూక్ష్మజీవులు బాగా తిన్న చిక్కని నూనెల్లో ఈ ఆమ్లాలు ఎక్కువ.

మనిషి వీటిని వాడుకుంటున్నాడు కూడా. కొయ్యకు చెదలు, బూజు పట్టకుండా పూసే మందుల్లో రాగి నాఫ్తెనేట్ ఒకటి. రంగులు త్వరగా ఆరడానికి కోబాల్టు నాఫ్తెనేట్ కలుపుతారు. 1942లో తయారైన నాపామ్ అనే భయంకరమైన అగ్నిబాంబు పదార్థం పేరులోని మొదటి సగం కూడా నాఫ్తెనేట్ నుండి వచ్చిందే.

ఇసుకలోంచి నూనె

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో అథబాస్కా అనే పెద్ద నది ఉత్తర దిశగా ప్రవహిస్తుంది. ఫోర్ట్ మెక్‌ముర్రే పట్టణం దగ్గర ఆ నది ఒడ్డున ఇసుక నల్లగా, జిగటగా ఉంటుంది. బరువులో నూటికి పది పన్నెండు వంతుల దాకా తారువంటి బిట్యుమెన్ ఆ ఇసుకను అంటిపెట్టుకుని ఉంటుంది. బావి తవ్వితే చిమ్ముకుంటూ పైకి వచ్చే నూనె కాదు ఇది. ఇసుకను తవ్వి, కడిగి తీయవలసిందే.

ఎలా కడగాలి? జిడ్డుపట్టిన గిన్నెను మీ అమ్మగారు ఎలా తోముతారో అలాగే. వేడినీళ్ళు, దానికి తోడు క్షారం. 1920లలో ఆల్బర్టాలో కార్ల్ క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని వృద్ధిచేశాడు. నల్లని ఇసుకను వేడినీటిలో, కొంచెం కాస్టిక్ సోడా వేసి గిలకొడితే బిట్యుమెన్ ఇసుకను వదలి నురగతో పైకి తేలుతుంది. 1967లో ఈ పద్ధతితో పెద్దయెత్తున నూనె తీయడం మొదలయింది.

ఇక్కడే మన ఆమ్లాలు రంగంలోకి వస్తాయి. ఆమ్లమూ క్షారమూ కలిస్తే లవణం, నీరు వస్తాయని మీరు చదువుకున్నారు. బిట్యుమెన్‌లోని నాఫ్తెనిక్ ఆమ్లం కాస్టిక్ సోడాతో కలిసి సోడియం నాఫ్తెనేట్ అనే లవణంగా మారుతుంది. ఇదొక రకం సబ్బు! మనం వాడే సబ్బు కూడా కొవ్వు ఆమ్లపు సోడియం లవణమే కదా. సబ్బు అణువుకు ఒక తల, ఒక తోక. తలకు నీరంటే ఇష్టం, తోకకు నూనె అంటే ఇష్టం. నాఫ్తెనేటు కూడా అంతే. ఇసుక మీది నూనెను వదిలించడానికి అది ఎంతో సాయపడుతుంది. కాని పని అయిపోయాక నూనెతోపాటు వెళ్ళిపోదు. నీటిలోనే ఉండిపోతుంది.

ఆ నీటిని ఏం చేస్తారు? నదిలోకి వదలడానికి వీలులేదు. అందుచేత పెద్ద పెద్ద కట్టలు పోసి చెరువుల్లో నిలవచేసి, పైకి తేరిన నీటిని మళ్ళీ మళ్ళీ ఇసుక కడగడానికే వాడుతున్నారు. ఒకే నీటిని పదిసార్లు వాడితే అందులో ఆమ్లాల పాలు పెరుగుతూ పోతుంది. మామూలు నదుల్లో నాఫ్తెనిక్ ఆమ్లాలు సాధారణంగా లీటరుకు 1 మిల్లీగ్రాముకు లోపు. ఆ చెరువుల్లో లీటరుకు 20 నుండి 120 మి.గ్రా. వరకు ఉంటాయని లెక్కకట్టారు. నీటిలో కలిసిన సన్నని బంకమట్టి అడుగుకు దిగడానికే దశాబ్దాలు పడుతుంది. ఇప్పుడు ఆ చెరువుల్లో నిలవ ఉన్న బురదనీరు 100 కోట్ల ఘనపు మీటర్లకు పైమాటే. మన జలాశయాల లెక్కలో చెప్పాలంటే 35 టి.ఎం.సి.లకు మించి!

ఏడుపు వినబడని చావు

2008 ఏప్రిల్ నెలలో ఆ చెరువుల్లో ఒకదానిమీద అడవి బాతుల గుంపు దిగింది. నీటిపై తేలే బిట్యుమెన్ రెక్కలకు అంటుకుని 1600 బాతులు చనిపోయాయి. ప్రపంచమంతటా పత్రికలు ఆ ఫొటోలు వేశాయి. కేసు నడిచింది. 2010లో చెరువు యజమానులకు ముప్పై లక్షల డాలర్ల మేరకు శిక్ష పడింది.

బాతు చస్తే కనబడుతుంది, లెక్కపెట్టవచ్చు. కాని ఒక చేప పెట్టిన వెయ్యి గ్రుడ్లలో తొమ్మిదివందలు పొదగకుండా పోతే ఎవరు చూస్తారు? పొదిగిన పిల్లల్లో వంకర వెన్నుతో పుట్టినవాటిని మర్నాటికే మరొక చేప మింగివేస్తుంది. ఒడ్డున శవం తేలదు. ఫొటో తీయడానికి ఏమీ మిగలదు. నాలుగైదేళ్ళ తరువాత వల ఖాళీగా వచ్చినప్పుడు మాత్రం జాలరి తల గోక్కుంటాడు.

1990లలో పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. నూనె ఇసుక కడిగిన నీరు, బురద కలిపి కట్టిన ప్రయోగపు చెరువుల్లో పసుపు పెర్చ్ అనే చేపలను వదిలారు. చేపలు చావలేదు, పెరిగాయి కూడా! మన కుర్రవాడు అక్కడ ఉంటే "చూశారా మేష్టారూ" అనేవాడే. కాని దగ్గరగా పరీక్షిస్తే కొన్ని చేపల రెక్కలు అంచుల్లో తినివేసినట్లున్నాయి, ఒంటిమీద పుండ్లు ఉన్నాయి. మరి వీటి సంతానం సంగతి ఏమిటి? అందుకని శాస్త్రజ్ఞులు గ్రుడ్డును అడగవలసి వచ్చింది.

అద్దంలాంటి గ్రుడ్డు

కోడిగ్రుడ్డు లోపల ఏం జరుగుతున్నదో పెంకు పగలగొట్టకుండా చూడలేం. చాలా చేపల గ్రుడ్లు అలా కాదు. గాజుపూసలా పారదర్శకంగా ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద పెడితే పిండం పెరగడం సినిమాలా కనబడుతుంది.

ఇందుకు పేరుపొందినది జీబ్రా చేప. వేలెడు కూడా ఉండదు. ఒంటిమీద నీలి చారలు. ఇది మన దేశపు వాగులు, వరిమళ్ళ కాలువల్లో తిరిగే చేప. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే వైద్యుడు గంగానది చేపల గురించి వ్రాసిన గ్రంథంలో దీనిని మొదటిసారి వర్ణించాడు. ఈనాడు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఉంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోనూ దీనిని పెంచుతున్నారు.

దీని గ్రుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు. ఫలదీకరణ జరిగిన ముప్పావు గంటకు ఒక కణం రెండవుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. అలా సాగి, ఇరవైనాలుగు గంటలు తిరిగేసరికి తల, కళ్ళు, తోక ఏర్పడి, సన్నని గొట్టంలాంటి గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఒక్క రోజులో! రెండు మూడు రోజులకు పిల్ల పొరను చీల్చుకుని బయటకు వస్తుంది. అప్పటికి దానికి తిండి తినడం రాదు. పొట్టకింద పచ్చసొన సంచి వ్రేలాడుతూ ఉంటుంది. అదే దాని సద్ది.

పెద్ద చేప తట్టుకోగల నీరు గ్రుడ్డుకు ఎందుకు విషమవుతుంది? కారణాలు నాలుగు.

మొదటిది లెక్కల సంగతి. ఒక సెంటీమీటరు ఘనాన్ని తీసుకోండి. దాని ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే వెయ్యి ముక్కలు వస్తాయి. ఘనపరిమాణం మారదు. కాని ఉపరితలం మొత్తం 60 చదరపు సెంటీమీటర్లు అవుతుంది, అంటే పదిరెట్లు. చిన్న ప్రాణికి తన పరిమాణంతో పోలిస్తే నీటికి తగిలే ఒళ్ళు ఎక్కువ. కాబట్టి విషం లోపలికి చేరే దారి కూడా ఎక్కువ.

రెండవది, పెద్ద చేప నీరు బాగాలేకపోతే ఈదుకుంటూ పోతుంది. గ్రుడ్డు రాతికో, నాచుకో అంటుకుని అక్కడే ఉంటుంది.

మూడవది, పెద్ద చేపకు కాలేయం ఉంది. ఒంట్లో చేరిన విషాన్ని విరిచి బయటకు పంపే పని ముఖ్యంగా దానిదే. పిండంలో కాలేయం ఇంకా తయారు కావలసి ఉంది.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. కట్టి ఆరిన గోడను తోస్తే కదలదు. తాపీమేస్త్రీ పునాదిమీద దారం పట్టి మొదటి వరుస ఇటుకలు పేరుస్తున్నప్పుడు దారం వేలెడు పక్కకు జరిగితే గోడంతా వంకర పోతుంది. పిండంలో ఏ గంటకు జరగవలసిన పని ఆ గంటకు జరగాలి. గుండె గొట్టం మెలితిరిగి గదులుగా ఏర్పడే సమయంలో ఆటంకం వస్తే, తరువాత నీరు ఎంత మంచిదైనా ఆ గుండె మళ్ళీ సరిగా తయారు కాదు.

గ్రుడ్డు ఏం చెప్పింది?

కెనడా పరిశోధకులు పసుపు పెర్చ్ గ్రుడ్లనూ, జపాను వరిమళ్ళలో ఉండే మెడాకా అనే చిన్న చేప గ్రుడ్లనూ నాఫ్తెనిక్ ఆమ్లాలు గల నీటిలో ఉంచి చూశారు. 2007లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఆమ్లం పెరిగినకొద్దీ పిల్లల్లో అవకరాలు పెరిగాయి. పొదిగి బయటకు వచ్చినప్పుడు వాటి పొడవు తగ్గింది. 2012లో ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే అమెరికా చేప గ్రుడ్లతో మరొక అధ్యయనం వచ్చింది. ఇసుక కడిగిన నీటిలో పెరిగిన పిండాల్లో గుండె చుట్టూ నీరు చేరింది, లోపల రక్తం చిమ్మింది, వెన్ను వంగింది. మంచినీటిలో ఉంచిన తోటి గ్రుడ్లలో ఇవి అరుదు.

గుండె చుట్టూ నీరు చేరడం అంటే ఏమిటి? గుండె ఒక చిన్న సంచిలో ఉంటుంది. ఆ సంచిలో ద్రవం ఊరి ఉబ్బితే గుండె సరిగా ముడుచుకోలేదు. రక్తం నడవదు. అలాంటి పిల్ల పొదిగినా ఈదలేదు, తిండి వెతుక్కోలేదు. సూక్ష్మదర్శినిలో చూస్తే గొంతుకింద బుడగ కట్టినట్లు కనబడుతుంది.

ఇంతకీ ఎంత ఆమ్లం ఉంటే ఇలా జరుగుతుంది? మిశ్రమాన్నిబట్టి, చేపనుబట్టి లీటరుకు కొద్ది మిల్లీగ్రాముల నుండి కొన్ని పదుల మిల్లీగ్రాముల వరకు. లీటరుకు 10 మి.గ్రా. అంటే పదిహేను లీటర్ల బిందెలో 150 మి.గ్రా. చిటికెడు ఉప్పు కంటే తక్కువ!

ఈ ఆమ్లం పిండాన్ని ఎలా దెబ్బతీస్తుంది? సబ్బు సంగతి గుర్తుచేసుకోండి. ప్రతి కణం చుట్టూ ఉండే కణత్వచం కొవ్వు అణువులతో అల్లిన పొర. నూనెను ప్రేమించే తోక గల ఆమ్లపు అణువు ఆ పొరలోకి సులువుగా దూరుతుంది. దూరి, పొర అమరికను చెదరగొడుతుంది. ఏది లోపలికి రావాలో, ఏది బయట ఉండాలో చూసే కాపలా దెబ్బతింటుంది. దీనికి తోడు కణాల లోపల ఆక్సీకరణ మితిమీరి, చావవలసిన సమయం రాని కణాలు చనిపోతాయి. అయిదువందల కణాలు కలిసి ఒక అవయవాన్ని కడుతుండగా అందులో యాభై మంది కూలీలు చనిపోయినట్లన్నమాట!

నీటి పి.హెచ్.కు కూడా ఇందులో పాత్ర ఉంది. పి.హెచ్. ఎక్కువగా ఉన్న క్షారపు నీటిలో ఈ ఆమ్లాలు చాలావరకు అయాన్లుగా ఉంటాయి. విద్యుదావేశం గల అయాను కొవ్వు పొరను అంత తేలికగా దాటలేదు. పి.హెచ్. తగ్గితే ఆవేశం లేని ఆమ్లపు అణువులు పెరుగుతాయి. అవి పొరను దాటి లోపలికి పోతాయి. కాబట్టి ఆమ్లం పాలు మారకపోయినా, పి.హెచ్. తగ్గితే విషం పెరగగలదు. ఎంత ఉంది అని అడిగితే చాలదు, ఏ నీటిలో ఉంది అని కూడా అడగాలి.

దోషి ఎవరు?

వేలాది ఆమ్లాల మిశ్రమం అని మొదట చెప్పాను. ఇక్కడ అది చిక్కు తెచ్చిపెడుతుంది. వేలమంది ఉన్న గుంపులో రాయి విసిరినవాడిని పట్టుకోవడం ఎంత కష్టమో, ఇదీ అంతే. శాస్త్రజ్ఞులు మిశ్రమాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని విడిగా పిండాలపై పరీక్షిస్తున్నారు. బజారులో అమ్మే నాఫ్తెనిక్ ఆమ్లం ఒక తీరుగా, చెరువు నీటి నుండి తీసిన ఆమ్లం మరొక తీరుగా పనిచేస్తాయి. ఒకదానితో చేసిన ప్రయోగపు ఫలితాన్ని రెండవదానికి అంటగట్టరాదు.

మరొక చిక్కు కూడా ఉంది. అథబాస్కా నది నల్ల ఇసుక పొరలను కోసుకుంటూ పారుతుంది. కనుక గనులు లేని రోజుల్లోనూ ఆ నదిలోకి ఈ ఆమ్లాలు కొద్దిగా చేరుతూనే ఉన్నాయి. "ఇది ప్రకృతి కలిపింది, మేము కాదు" అని ఎవరైనా అనవచ్చు. ఈ వాదం తేల్చడానికి పరిశోధకులు వేలిముద్రల పద్ధతి వంటిది కనిపెట్టారు. నేరస్థుడి వేలిముద్రల్లా చెరువు నీటిలోని ఆమ్లాల మిశ్రమానికీ, సహజంగా ఊరిన నీటిలోని మిశ్రమానికీ తేడా ఉంటుంది. అలా పోల్చి చూసిన కెనడా శాస్త్రజ్ఞులు, చెరువు నీరు భూమిలోకి ఇంకి నది వైపు చేరుతున్నదనడానికి ఆధారాలు 2014లో ప్రకటించారు.

ఎవరి కోసం ఈ తగవు?

నది దిగువన, అథబాస్కా సరస్సు ఒడ్డున ఫోర్ట్ చిపెవయాన్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడివారిలో ఎక్కువమంది క్రీ, డెనె జాతుల ఆదివాసులు. తరతరాలుగా చేపలు, వేట వారి తిండి. 2022లో ఎగువన ఒక గని దగ్గర రంగుమారిన నీరు ఊరుతున్నట్లు కనిపించింది. 2023 ఫిబ్రవరిలో అక్కడే 53 లక్షల లీటర్ల కలుషితమైన నీరు పొంగి పొర్లింది. నీరు ఊరుతున్న సంగతి నెలల తరబడి తమకు సరిగా చెప్పలేదనీ, ఆ రోజుల్లో కూడా తాము చేపలు పట్టి తింటూనే ఉన్నామనీ దిగువ ఊళ్ళవారు ఆక్రోశించారు.

చెరువులు నిండుతున్నాయి. వాటిని ఎల్లకాలం కట్టలు కట్టి ఆపలేరు. నీటిని శుద్ధిచేసి నదిలోకి వదలనివ్వవచ్చునా అన్న చర్చ ఇటీవలి సంవత్సరాల్లో అక్కడ జరుగుతోంది. వదలవచ్చునని చెప్పాలంటే ఎవరి సాక్ష్యం తీసుకోవాలి? పెద్ద చేపనా, గ్రుడ్డునా?

శుద్ధిచేసే మార్గాలు లేకపోలేదు. ఓజోను వాయువు పంపితే ఆమ్లపు అణువులు విరుగుతాయి. పైన చెప్పిన 2012 అధ్యయనంలోనే ఓజోనుతో శుద్ధిచేసిన నీటిలో పెరిగిన మిన్నో పిండాలకు అవకరాలు బాగా తగ్గాయి. నీటిలోని సూక్ష్మజీవులు కూడా ఆమ్లాలను తింటాయి. కాని సాదా అణువులను ముందు తిని, వలయాలు ఎక్కువగా ఉన్న మొండి అణువులను విడిచిపెడతాయి. తుంగ మొక్కలు పెంచిన చిత్తడినేలల గుండా నీటిని నడిపించి చూస్తున్నారు. తవ్వేసిన గనిగోతిలో బురద నింపి, పైన మంచినీరు పెట్టి సరస్సుగా మార్చే ప్రయత్నం 2012 చివర మొదలయింది. ఏ మార్గమైనా సంవత్సరాల పని.

నాలుగు ప్రశ్నల పరీక్ష

రసాయనాలను చేప గ్రుడ్డుతో పరీక్షించడానికి 2013లో అంతర్జాతీయంగా ఒక పద్ధతి ఆమోదం పొందింది. చిన్న చిన్న గుంటలు గల పళ్ళెంలో గుంటకొక్క జీబ్రా చేప గ్రుడ్డును ఉంచుతారు. కొన్ని గుంటల్లో పరీక్షించవలసిన ద్రవం, కొన్నింటిలో మంచినీరు. మంచినీటి గ్రుడ్లు ఎందుకు? వాటితో పోల్చకుండా మిగతావాటి గురించి ఏమీ చెప్పలేం. మీ ప్రయోగాల్లోనూ ఇది మరువకండి.

96 గంటలపాటు రోజూ నాలుగు ప్రశ్నలు అడుగుతారు. గ్రుడ్డు విరిగిన పాలలా తెల్లబడిందా? వెన్ను పొడవునా కండరాల గడులు ఏర్పడ్డాయా? తోక పచ్చసొన నుండి విడివడిందా? గుండె కొట్టుకుంటున్నదా? ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానిలో తప్పు కనబడినా ఆ పిండాన్ని చనిపోయినట్లే లెక్కవేస్తారు. దీనికి లక్షల రూపాయల యంత్రాలు అక్కరలేదు. ఒక సూక్ష్మదర్శిని, ఓపిక ఉంటే చాలు.

మళ్ళీ మన చెరువుకు

ఇప్పుడు మా కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. అతని చెరువులోని లారీ నూనె, ఆల్బర్టా చెరువులోని ఆమ్లమూ ఒకటి కావు. కాని ప్రశ్న ఒకటే. కథంతా చెప్పాక నేను అతనిని అడిగాను.

"మీ చెరువులో బొచ్చె పిల్లలు ఎక్కడినుండి వచ్చాయిరా?"

"లారీలో డ్రమ్ములతో తెచ్చి వదులుతారండి."

అదీ సంగతి! బొచ్చె, రాగండి నిలవనీటి చెరువుల్లో గ్రుడ్లు పెట్టవు. వానాకాలంలో నది పొంగినప్పుడు పారే నీటిలో పెడతాయి. చెరువులో మనం వదిలేది బయట పెరిగిన పిల్లలను. కాబట్టి రెండు కిలోల బొచ్చె ఆ చెరువు నీటిలో గ్రుడ్లు బ్రతుకుతాయా లేదా అన్నదానికి సాక్షి కానేకాదు!

"మరి ఎవరిని అడగాలండి?" అన్నాడు.

కొర్రమీనును అడగమన్నాను. అది చెరువులోనే గ్రుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా గుంపుకట్టి తిరుగుతుంటే తల్లిదండ్రులు కింద కాపలా కాస్తాయి. పైగా పెద్ద కొర్రమీను పైకి వచ్చి గాలి కూడా పీల్చుకోగలదు. నీరు చెడినా చాలాకాలం బ్రతికి మనలను మోసం చేయగలదు. దాని పిల్లలు మోసం చేయలేవు.

తొలకరి వానలు పడ్డాక ఒక సోమవారం అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. "మేష్టారూ! అవతలి గట్టు తుంగలో రెండు గుంపులు చూశానండి. లారీలు కడిగే రేవులో ఒక్కటీ లేదండి. మీరు చెప్పిందే నిజం!"

"తొందరపడకు. రేవులో తుంగ ఉందా?"

"లేదండి."

"మనుషుల అలికిడి?"

"ఎప్పుడూ ఉంటుందండి."

"అయితే పిల్లలు లేకపోవడానికి నూనె కారణమో, తుంగ లేకపోవడమో, అలికిడో ఎలా తెలుస్తుంది?"

కొంచెంసేపు ఆలోచించి, "లారీలు కడగని రేవు ఇంకొకటి ఉందండి. చాకిరేవుకు అవతల. అక్కడా తుంగ లేదు, మనుషులు వస్తారు. దాన్ని కూడా చూస్తానండి" అన్నాడు. నోటుబుక్కులో తారీకులు వేసి వ్రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ రెండు రేవుల లెక్క ఇంకా సాగుతోంది.

మీ ఊరిలోనూ చెరువో, కాలువో ఉండే ఉంటుంది. అందులో పెద్ద చేపలు ఉన్నాయా అని అందరూ అడుగుతారు. ఈ వానాకాలం మీరు పిల్లలున్నాయా అని అడిగి చూడండి. ఒకచోట చూసి ఊరుకోకుండా, పోల్చడానికి రెండవ చోటు కూడా చూడండి. గట్టుమీద నిలబడే చూడండి, లోతుకు దిగవద్దు.